విశాఖ ఉప్పుగాలిలో 6 బార్ వాక్యూమ్ ఫర్నేస్: ఆరేళ్ల వాడకం తర్వాత

ఆటోనగర్‌లోని మా హీట్ ట్రీట్‌మెంట్ షాపులో ఈ వాక్యూమ్ ఫర్నేస్ (గాలి లాగేసిన గదిలో స్టీలును వేడిచేసి గట్టిపరిచే కొలిమి) ఆరేళ్లుగా రోజుకు రెండు ఛార్జీలు, అంటే రెండు విడతల లోడు, తీస్తోంది. 600×600×900 మిల్లీమీటర్ల పని జాగా, ట్రేలతో కలిపి 600 కిలోల లోడు, గ్రాఫైట్ హాట్ జోన్ (లోడు వేడెక్కే లోపలి గది), 6 బార్ నైట్రోజన్ క్వెంచ్ (ఆ ఒత్తిడితో గ్యాస్ ఊది వేగంగా చల్లార్చడం), వాక్యూమ్ లాగే రోటరీ పంపు, దాని మీద వేగం పెంచే రూట్స్ బూస్టర్. ఎక్కువగా పడేవి హెచ్13 (వేడి పనుల టూల్ స్టీలు) డైలు, హెచ్‌సీహెచ్‌సీఆర్ (కార్బన్, క్రోమియం ఎక్కువున్న టూల్ స్టీలు) పంచ్‌లు, షియర్ బ్లేడ్లు. యంత్రం మంచిది, మళ్లీ కొనమన్నా ఇదే కొంటాం. కాకపోతే విశాఖలో దీని అసలు శత్రువు గాలిలోని తడి. ఆ సంగతి సప్లయర్ ఇచ్చిన మాన్యువల్‌లో ఒక్క ముక్క లేదు.

ఫర్నేస్ జంట గోడల మధ్య తిరిగే చల్లార్చే నీటిని కమిషనింగ్‌లో 20 డిగ్రీలకు పెట్టి వెళ్లారు. మన దగ్గర వానాకాలంలో మంచుబిందు ఉష్ణోగ్రత (గాలిలోని తడి నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) 25 దాకా ఉంటుంది. తలుపు తీయగానే లోపలి గోడకు ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టు చెమట పడుతుంది. వేలు పెట్టి రాస్తే గీత పడుతుంది. ఆ చెమటలో ఒక్క గ్రాము నీరు 0.01 మిల్లీబార్ దగ్గర దాదాపు 135 ఘనమీటర్ల ఆవిరి అవుతుంది, పంపు అదంతా లాగాలి. ఇరవై నిమిషాల్లో దిగాల్సిన వాక్యూమ్‌కు గంట పట్టేది అందుకే. పైగా హాట్ జోన్‌లో వేడి బయటికి పోకుండా ఆపే గ్రాఫైట్ ఫెల్ట్ దూదిలా తడి పీలుస్తుంది. వేడెక్కాక ఆ నీరు కార్బన్‌తో కలిసి ఫెల్ట్‌ను తినేస్తుంది, జాబ్ (లోపల పెట్టిన ముక్క) మీద గడ్డిరంగు ఛాయ తేలుతుంది. ఆ నీటిని చల్లబరిచే చిల్లర్ సెట్టింగ్ 32కి పెంచాం, చెమట ఆగింది. అన్‌లోడ్ అయిన వెంటనే తలుపు వేసి వాక్యూమ్ పట్టించడం, రాత్రంతా అలాగే ఉంచడం, వారానికోసారి ఖాళీగా 1150 డిగ్రీల దగ్గర గంటసేపు కాల్చడం: ఈ మూడూ తప్పనిసరి. రోటరీ పంపు ఆయిల్ గాజులో తెల్లగా మజ్జిగలా కనిపిస్తే నీళ్లు కలిశాయని అర్థం. గ్యాస్ బలాస్ట్ (పంపులోకి కొద్దిగా గాలి వదిలే వాల్వు) తెరిచి అరగంట నడపండి, అప్పటికీ తేటపడకపోతే ఆయిల్ మార్చండి.

లీకు పరీక్ష చాలామంది తొందరపడి చేస్తారు. ఫర్నేస్ ఖాళీగా, చల్లగా, పొడిగా ఉండాలి. దిగగలిగినంత వాక్యూమ్ లాగి పంపు వైపు వాల్వు మూసి, మొదటి పావుగంట లెక్కలోంచి తీసేసి, తర్వాత గంట చూడాలి. ప్రెజర్ గంటకు 10 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే పాదరసం మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించి పెరిగితే పని ఆపుతాం. ప్రెజర్ పెరిగి పెరిగి నెమ్మదిస్తే అది లోపలి తడి. ఒకే వాలుతో పోతుంటే లీకు. హీలియం డిటెక్టర్ లేనివాళ్లు పవర్ ఫీడ్‌త్రూలు (కరెంటు లోపలికి వెళ్లే చోట్లు), థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) గ్లాండ్లు, తలుపు అంచు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దికొద్దిగా తడిపి గేజ్ కదులుతుందేమో చూడొచ్చు. ఫర్నేస్ చల్లగా, కరెంటు ఆపి ఉన్నప్పుడు మాత్రమే. ఒక లీకు మాత్రం అలా దొరకదు. నైట్రోజన్ ఇన్‌లెట్ వాల్వు సీటు అరిగితే లోపలికి వచ్చేది నైట్రోజనే కాబట్టి జాబ్ రంగు చెడదు, గేజ్ మాత్రం దిగదు. ఆ లైన్ విడిగా మూసి చూస్తే తేలుతుంది.

లోడింగ్‌లో రెండే విషయాలు. కటింగ్ ఆయిల్ మిగిలిన జాబ్, ముఖ్యంగా బ్లైండ్ హోల్స్ (ఒకవైపే తెరిచి ఉన్న రంధ్రాలు) ఉన్నది, కడిగి 120 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టకుండా లోపలికి పోకూడదు. జింక్ పూసిన తీగ, బోల్టు, ఇత్తడి ముక్క అసలే వద్దు. ఆవిరై చల్లటి చోటల్లా పేరుకుంటాయి. హీటర్ల అల్యూమినా ఇన్సులేటర్లు నల్లబడి ఎర్త్ ఫాల్ట్ రావడానికి సగం కారణం ఇదే.

హెచ్13కి మా సైకిల్: 650 దగ్గర ఒక ఆగుడు, 850 దగ్గర ఒకటి, ఆపైన 1020. నడి మందంలో దూర్చిన థర్మోకపుల్ 1020కి చేరాకే అరగంట లెక్క మొదలు. 650 లోపు వాక్యూమ్‌లో వేడి రేడియేషన్‌తో సరిగా అందదు, ఫర్నేస్ థర్మోకపుల్‌ను నమ్మితే డై మధ్యభాగం ఎంతో వెనకబడి ఉంటుంది. క్వెంచ్‌లో 540 దాకా ఉపరితలం నిమిషానికి కనీసం 28 డిగ్రీలు పడాలని ఉత్తర అమెరికా డై కాస్టింగ్ సంఘం ప్రమాణం. అంతకన్నా నెమ్మదిస్తే గ్రెయిన్ (స్టీలులోని స్ఫటికాల) సరిహద్దుల్లో పెళుసైన కార్బైడ్లు పేరుకుంటాయి. హార్డ్‌నెస్ మీటర్ రాక్‌వెల్ సీ కొలతలో 48 చూపిస్తూనే ఉంటుంది, డై మాత్రం పని మధ్యలో పగులుతుంది. కాబట్టి మందపాటి దిమ్మలు వస్తే మొహమాటపడకుండా 10 బార్ ఫర్నేస్ ఉన్నచోటికి పంపుతాం. 60 డిగ్రీల దగ్గర బయటికి తీసి, చల్లారిపోనివ్వకుండా టెంపరింగ్‌కు (పెళుసుదనం తగ్గించే మలి వేడి) ఎక్కించాలి, రెండుసార్లకు తక్కువ కాకుండా.

ఓహెచ్‌ఎన్‌ఎస్, ఈఎన్31 (ఆయిల్‌లో చల్లార్చి గట్టిపరిచే స్టీల్స్) తెచ్చి మెరుపు కోసం వాక్యూమ్‌లో చేయమని అడుగుతారు. సన్న ముక్కలు తప్పితే 6 బార్ గ్యాస్ వీటికి చాలదు, ఆయిల్ క్వెంచే దారి. ఇంకా ఎక్కువ వేడి అడిగే హైస్పీడ్ స్టీల్ చేసేవాళ్లు గ్రాఫైట్ ట్రే మీద జాబ్ నేరుగా పెట్టకండి. 1147 డిగ్రీల దగ్గర ఇనుము, కార్బన్ కలిసి కరుగుతాయి, జాబ్ ట్రేకి అతుక్కుపోతుంది. మధ్యలో సిరామిక్ పేపర్ చాలు.

డిఫ్యూజన్ పంపు (ఇంకా లోతైన వాక్యూమ్ లాగేది) అదనంగా అంటగట్టాలని చూస్తారు. టూల్ స్టీల్స్ మాత్రమే చేసేవాళ్లకు అనవసరం. పైగా వెయ్యి దాటాక మరీ లోతైన వాక్యూమ్‌లో ఉపరితలం నుంచి క్రోమియం ఆవిరవుతుంది, మేమే ఆ దశలో 1 మిల్లీబార్ దాకా నైట్రోజన్ వదులుతాం. టైటానియం, బ్రేజింగ్ చేయాలనుకునేవాళ్ల సంగతి వేరు.

కరెంటు పోతే వేడి లోడు లోపలే ఉంటుంది. జనరేటర్ అందుకునేలోగా గోడల్లో నీరు ఆగకూడదు, పైట్యాంకు నుంచి దానంతట అదే దిగే లైన్ తప్పక వేయించండి. ఉప్పుగాలికి ప్యానెల్ టెర్మినల్స్ పచ్చబడతాయి, చిల్లర్ రెక్కలను తుప్పు తినేస్తుంది, రెండూ మూడు నెలలకోసారి చూడాలి. తలుపు సందు మూసే విటాన్ రబ్బరు ఓ-రింగును రోజూ పోగులు రాలని గుడ్డతో తుడిచి, వేలికొసతో అద్దినంత వాక్యూమ్ గ్రీజు రాస్తే చాలు. ఎక్కువ రాస్తే దుమ్ము పట్టి అదే లీకవుతుంది.