రోజూ పొద్దున నేను చూసింది నిన్నటి గాలి: టైర్ ప్రెషర్ సెన్సర్లతో రెండున్నరేళ్ళు

వాల్వ్ మూత తీసేసి దాని ప్లేస్‌లో బిగించే రకం టైర్ ప్రెషర్ సెన్సర్లు, హ్యాండిల్ మీద ఒక చిన్న స్క్రీన్, ఇవి పెట్టుకుని రెండున్నరేళ్ళు దాటింది. పెట్టిన రెండో నెలలోనే తెలిసిన ప్రతివాడికీ పెట్టుకోరా బాబూ అని చెప్పాను, ముగ్గురు నా మాట విని పెట్టుకున్నారు కూడా. అందుకే ఇప్పుడు ఇది రాయడం నా బాధ్యత అనిపిస్తోంది. ఎలా బిగించాలి, స్క్రీన్ ఎంత, వాటర్‌ప్రూఫా కాదా, ఇవన్నీ డబ్బా మీదే ఉంటాయి, వదిలేస్తున్నా. (వాటర్‌ప్రూఫే. రెండు వానాకాలాలు చూసింది, ఏం కాలేదు.)

మంచి ముందు చెప్పాలి, ఎందుకంటే మంచి నిజంగానే జరిగింది. పెట్టిన నెలన్నరకి ఒకరోజు వెనక టైర్ 32 ఉండాల్సింది 29 చూపించింది. చలి మొదలైంది కదా, పది డిగ్రీలు చల్లబడితే ఒకటిన్నర పీఎస్ఐ (టైర్‌లో గాలి ఒత్తిడి కొలత, ఈ అంకెలన్నీ అవే) దాకా తగ్గడం మామూలే, అందుకేలే అనుకుని ఊరుకున్నా. మర్నాడు 26. ఇక అనుమానమొచ్చి చక్రం మెల్లగా తిప్పుతూ చూస్తే, గాడి పక్కనే చిన్న వెండి చుక్కలా మెరుస్తూ ఒక మేకు తల, రోడ్డుకి రాసుకుని రాసుకుని నున్నగా అయిపోయింది. ట్యూబ్‌లెస్‌లో, అంటే లోపల ట్యూబ్ లేని టైర్‌లో, మేకు దిగితే ఇంతే, ట్యూబ్ టైర్‌లాగా ఒక్కసారి తుస్సుమనదు, ఆ మేకే బిరడాలా కూర్చుని గాలిని కొంచెం కొంచెంగా వదుల్తుంది. చూపుకి టైర్ భేషుగ్గా ఉంటుంది, బొటనవేలితో నొక్కి చూసినా 26కీ 32కీ తేడా తెలీదు, నాకైతే తెలీదు. అలాంటిది ఈ చిన్న డబ్బా పట్టేసింది. ఆరోజు నా సంతోషం చూడాలి. బండి కదలకముందే చెప్పేస్తుంది అని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను.

ఆ "కదలకముందే" అన్న మాట దగ్గరికి మళ్ళీ వస్తా.

దీనికి ముందు నా అలవాటు ఏంటంటే, వారానికోసారి డయల్ గేజ్ (గాలి ఎంతుందో ముల్లుతో చూపించే మీటర్) పెట్టి చూసుకోవడం, అదీ పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు. కంపెనీ వాళ్ళు స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ) మీదో చైన్ కవర్ మీదో అంటించే స్టిక్కర్‌లో ఉండే అంకెలు చల్లటి టైర్‌కే. నా బండికి ముందు 28, వెనక ఒక్కడినే అయితే 32, ఇద్దరమైతే 36. (టైర్ పక్కగోడ మీద పోతపోసి ఉండే పెద్ద అంకె ఇది కాదు, అది ఆ టైర్ తట్టుకోగలిగిన గరిష్ఠం, అంత కొట్టించుకుని బండి ఎగిరెగిరి పడుతోందని షాక్ అబ్జార్బర్లని తిట్టేవాళ్ళని చూశాను.) నాకు ఎడమ మోకాలు నొప్పి, కింద కూర్చుని లేవడం అంటే ఒక యాతన. అంచేత స్క్రీన్ వచ్చాక వంగడం మానేశా. గేజ్ సీటు కింద పడి ఉంది, రెండేళ్ళు దాన్ని తీసిన పాపాన పోలేదు.

ఇంకో కారణం కూడా ఉంది, ఇది ఎవరూ చెప్పరు. సెన్సర్ ఎవడూ తిప్పి ఎత్తుకుపోకుండా దాని కింద ఒక పల్చటి నట్టు వస్తుంది. గాలి కొట్టించాలంటే ముందు ఆ నట్టు వదులు చెయ్యాలి, దానికి వాళ్ళిచ్చిన చిన్న రేకు స్పానర్ కావాలి, తర్వాత సెన్సర్ విప్పాలి, విప్పేటప్పుడు కాస్త గాలి పోతుంది, కొట్టించాక మళ్ళీ అంతా బిగించాలి, వెనకాల క్యూలో నలుగురు హారన్ కొడుతుంటారు. రెండు నిమిషాల పని కాస్తా పది నిమిషాల పని అయ్యింది. దాంతో 30 చూపించినా రేపు చూద్దాంలే అనిపించేది. నేను చెప్తే పెట్టుకున్నవాళ్ళలో ఒకడైతే స్పానర్ పారేసుకుని, మాటిమాటికీ బీప్ కొడుతోందని సెట్టింగ్స్‌లోకి పోయి అలారం లిమిట్ కిందకి తగ్గించేశాడు. గాలి పెంచడం కంటే అదే తేలిక మరి. నవ్వాను గానీ నేను చేసింది దానికంటే ఏం గొప్పది కాదు.

సరే అసలు సంగతి. పోయిన ఏడాది ఒక ఆదివారం పొద్దున్నే మా ఆవిడా నేనూ బయల్దేరాం, వంద కిలోమీటర్ల పైన ప్రయాణం, వెనక ఒక బ్యాగ్ కూడా కట్టాను. కీ తిప్పగానే స్క్రీన్ వెలిగింది, వెనక 36. ఇద్దరం ఎక్కితే ఉండాల్సింది సరిగ్గా అంతే కదా, ఆహా పంపు దగ్గర ఆగే పని కూడా తప్పింది అనుకున్నా. బండి సెంటర్ స్టాండ్ మీద ఉంది. అంటే వెనక చక్రం నేలకి ఆనదు, గాల్లో ఉంటుంది, గాల్లో ఉన్న టైర్‌లో గాలి సగం లేకపోయినా గుండ్రంగానే కనపడుతుంది. ఇది తర్వాత తట్టింది లెండి. స్టాండ్ దించాను, కొంచెం బరువుగా కదిలింది, బ్యాగ్ వల్లే అనుకున్నా. మా ఆవిడ ఎక్కి కూర్చుని "బండేంటి మెత్తగా ఉంది?" అంది. నేను స్క్రీన్ చూపించి "36 ఉంది, ఇద్దరికి సరిపోతుంది" అన్నాను. ఆ మాట ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు.

సందు చివర మలుపు తిరుగుతుంటే వెనక భాగం నాతో రాకుండా తనదారిన తను పోతున్నట్టు పక్కకి జారింది. జారడమంటే సర్రున కాదు, నీళ్ళు నిండిన సంచి ఊగినట్టు బద్ధకంగా. హ్యాండిల్ సరిచేసేలోపు ఇంకోవైపు ఊగింది. అప్పుడు, సరిగ్గా అప్పుడు, బీప్ బీప్ బీప్, ఎర్ర లైటు, 14. స్పీడ్ పాతిక కూడా లేదు కాబట్టి కాలు ఆన్చి ఆపేశా. దిగి చూస్తే రిమ్ము దాదాపు నేల మీద కూర్చుంది, వాల్వ్ కాడ, అదే గాలి కొట్టే ఆ రబ్బరు గొట్టం, దాని మొదట్లోంచి సుయ్‌మని శబ్దం.

36 ఎలా చూపించింది మరి? ఇంటికొచ్చి మాన్యువల్ తీసి చదివా, కొన్న రెండేళ్ళకి. బ్యాటరీ తొందరగా అయిపోకుండా బండి ఆగిన కాసేపటికి సెన్సర్లు నిద్రపోతాయి, చక్రం తిరిగితేనే మళ్ళీ లేస్తాయి, లేచి సిగ్నల్ పంపేదాకా స్క్రీన్ చివరిసారి వచ్చిన అంకెనే చూపిస్తూ ఉంటుంది. అంటే రోజూ పొద్దున నేను చూసి తృప్తిపడింది నిన్న రాత్రి గాలి. అదీ ఎలాంటి గాలి? ముందురోజు రాత్రి చాలాదూరం తిరిగొచ్చి ఆపినప్పటి వేడి గాలి. టైర్ వేడెక్కితే మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ చూపించడం మామూలు, అందుకే వేడి మీద చూసి ఎక్కువైందని గాలి తియ్యకూడదంటారు. ఆ లెక్కన వాల్వ్ పగలకపోయినా ఆ 36 నిజానికి పొద్దున్నకి 32 దగ్గరే, ఇద్దరికి చాలని గాలే. ఎక్కడా అబద్ధం లేదు, పాత నిజం అంతే. చుక్క మెరిపించడమో, అంకె బూడిదరంగులో చూపించడమో చేస్తే వాళ్ళ సొమ్మేం పోయేది? నా కోపమంతా దీని మీదే. అన్ని కంపెనీలవీ ఇలాగే ఉండవేమో, నా దాంట్లో మాత్రం ఇంతే. మీ దగ్గర ఉంటే ఒక పని చెయ్యండి, రాత్రంతా ఆపిన బండి కీ తిప్పి అంకె చూడండి, తర్వాత గేజ్ పెట్టి చూడండి.

మరి ఆ మేకు రోజు? ఆలోచిస్తే అప్పుడు కూడా అది చెప్పింది కదలకముందు కాదు, కొంతదూరం పోయాకే. నేనే ఆనందంలో కొంచెం ముందుకి జరిపి చెప్పుకున్నాను.

రెండో సంగతి ఆ వాల్వ్ ఎందుకు పగిలిందన్నది. పంక్చర్ వేసే పెద్దాయన టైర్ విప్పి, కాడని వేలితో పక్కకి వంచి చూపించాడు, మొదట్లో రబ్బరు నోరు తెరిచినట్టు అర్ధచంద్రాకారంలో చీలిపోయి ఉంది. "రబ్బరు కాడకి ఇంత బరువు కట్టావేంటి బాబూ" అన్నాడు. పది గ్రాములు బరువేంటండీ అన్నాను. ఇంటికొచ్చి లెక్క వేస్తే నోట మాట రాలేదు. 80 స్పీడ్‌లో నా బండి చక్రం తిరిగే వేగానికి ఆ పది గ్రాముల సెన్సర్ మీద దాదాపు కిలో బరువంత లాగుడు పడుతుంది, నూరు రెట్లు. స్పీడ్ సగమైతే లాగుడు నాలుగో వంతుకి పడిపోతుంది, మళ్ళీ పెరిగితే మళ్ళీ కిలో. అలా రోజూ వందలసార్లు ఆ రబ్బరు వంగుతూ లేస్తూ ఉంది. రెండేళ్ళు ఓపిక పట్టిందంటే మెచ్చుకోవాలి. ఇంకోటి, మామూలు వాల్వ్‌లో గాలిని ఆపేది లోపలి పిన్ను, ఈ సెన్సర్ బిగించాక ఆ పిన్ను ఎప్పుడూ నొక్కే ఉంటుంది, లోపలి గాలి కొలవాలంటే నొక్కాలి మరి. ఇక గాలిని పట్టి ఉంచేది సెన్సర్ లోపల ఉన్న చిన్న రబ్బరు వాషర్ ఒక్కటే. గాలి సంగతి చెప్పడానికి పెట్టుకున్నదే గాలి పోవడానికి ఇంకో దారి అన్నమాట.

ఆరోజే రెండు చక్రాలకీ రబ్బరు కాడలు తీయించి మెటల్ వాల్వ్‌లు వేయించాను. మాన్యువల్‌లో మెటల్ వాల్వ్ అయితే మంచిదని ఒక లైను ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. ట్యూబ్ టైర్ల వాళ్ళకి ఎక్కువగా మెటల్ కాడే వస్తుంది, వాళ్ళకి ఈ బాధ తక్కువ.

ఇంకో సంగతి, ముందు చక్రం వాల్వ్ మారుస్తుంటే పెద్దాయన టైర్ పక్కన ఒక చోట వేలు పెట్టి "ఇది చూశావా" అన్నాడు. కోడిగుడ్డు ఆకారంలో చిన్న గీత, లోపల నాలుగు అంకెలు, 1417. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం, అంటే 2017లో 14వ వారంలో తయారైంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి, టైర్ ఎప్పటిదో నేనెప్పుడూ చూడలేదు. పైన గాడులు బాగానే ఉన్నాయి, అరుగుదల గుర్తులు, అదే గాడి అడుగున చిన్న గట్టులా ఉంటాయి చూడండి, వాటికి ఇంకా చాలా దూరం ఉంది, కానీ గాడి లోపల వెలుతురు పెట్టి చూస్తే సన్నటి పగుళ్ళు, ఎండిపోయిన చెరువు అడుగులా. స్క్రీన్ మాత్రం రోజూ 28 అని శుభ్రంగా చూపిస్తూనే ఉంది. టైర్ మార్చేశా. కొత్తది వేశాక మొదటి నూటయాభై కిలోమీటర్లు మలుపుల్లో ఒళ్ళు దగ్గరపెట్టుకుని తోలాను, పై పొర నున్నగా ఉండి జారుతుంది కాబట్టి.

అమెరికాలో మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ వాళ్ళు బండి తీసే ముందు చూసుకోవాల్సినవాటికి టి-క్లాక్స్ (T-CLOCS, ఇంగ్లీషు మొదటి అక్షరాలు) అని ఒక వరస పెట్టారు, టైర్లూ చక్రాలూ, కంట్రోల్స్, లైట్లు, ఆయిల్, ఛాసిస్, స్టాండ్లు. మొదటి అక్షరమే టైర్లది. నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే ఆ మొదటి అక్షరాన్ని స్క్రీన్‌కి అప్పజెప్పి మిగతావి కూడా దాంతోపాటే వదిలెయ్యడం. ఎందుకంటే టైర్ కోసం వంగినప్పుడే కదా చైన్ వేలాడుతోందనో, బ్రేక్ ప్యాడ్ పల్చబడిందనో, ఇంజిన్ కింద ఆయిల్ చుక్క పడిందనో కనపడేది. వంగకపోతే ఏదీ కనపడదు.

ఇప్పుడు కూడా మోకాలు నొప్పి అలాగే ఉంది, కాబట్టి రోజూ మొత్తం చూస్తున్నా అని అబద్ధం చెప్పను. పొద్దున స్టాండ్ తీశాక బండి మీద బరువేసి వెనక టైర్ ఎంత అణిగిందో ఒక చూపు చూస్తా. ఆదివారం ఒక చిన్న స్టూల్ వేసుకుని సెంటర్ స్టాండ్ మీద వెనక చక్రం ఒక పూర్తి చుట్టు తిప్పుతా, ఇరుక్కున్న రాళ్ళు తీస్తా, వాల్వ్ కాడ మొదట్లో వేలు పెట్టి కదిపి చూస్తా, నెలకోసారి సెన్సర్ విప్పి గేజ్ పెడతా. గేజ్‌కీ స్క్రీన్‌కీ ఒక పీఎస్ఐ తేడా ఉంది, ఏది కరెక్టో గానీ నేను గేజ్‌నే నమ్ముతున్నా.

మరి కొనాలా వద్దా అంటే, నేను తీసెయ్యలేదు. పరిగెత్తే బండిలో గాలి దిగుతుంటే చెప్పేది నా దగ్గర ఇదొక్కటే, హైవే మీద దాని విలువ దానికుంది. నాలాగా ఎక్కువగా ఇద్దరు తిరిగేవాళ్ళు, మెటల్ వాల్వ్ వేయించుకుంటాం అనుకుంటే పెట్టుకోవచ్చు. రోజూ పది కిలోమీటర్లు ఊళ్ళోనే తిరిగేవాళ్ళకి, మోకాళ్ళు బాగున్నవాళ్ళకి, ఒక మంచి గేజ్ చాలేమో. నేను చెప్తే కొన్న ముగ్గురిలో ఇద్దరికి ఫోన్ చేసి వాల్వ్ సంగతి చెప్పాను, చూపించుకున్నారు. అలారం తగ్గించుకున్నవాడు మాత్రం "నాది ఇప్పుడు అసలు బీప్ కొట్టట్లేదు, బాగా పనిచేస్తోంది" అన్నాడు. బ్యాటరీ అయిపోయి ఉంటుందిరా అన్నాను.

నా ముందు సెన్సర్‌కి కూడా బ్యాటరీ గుర్తు నాలుగు రోజుల నుంచి మెరుస్తోంది. ఆ చిన్న స్పానర్ ఎక్కడ పెట్టానో వెతకాలి.