ఎన్8ఎన్ ఎర్రర్ హ్యాండ్లింగ్: ఆకుపచ్చ టిక్కును నమ్మొచ్చా?

ఎన్8ఎన్ అంటే వేర్వేరు యాప్‌లను కలిపి పనులు వాటంతటవే నడిచేలా చేసే టూల్. అందులో వర్క్‌ఫ్లో, అంటే ఒకదాని తర్వాత ఒకటి నడిచే అడుగుల వరుస, కట్టడం గంట పని. అర్ధరాత్రి ఎవరూ చూడనప్పుడు అది పడిపోతే ఏం జరగాలో ముందే కట్టిపెట్టడం అసలు పని. చాలాకాలంగా రోజూ వాడుతున్నాక నా మాట: దానికి కావలసిన సరంజామా అంతా ఇందులో ఉంది, కాకపోతే మనం ఆన్ చేసేదాకా ఏదీ పనిచేయదు.

ముందు నోడ్ (వర్క్‌ఫ్లోలో ఒక అడుగు) సెట్టింగ్స్‌లోని 'రిట్రై ఆన్ ఫెయిల్', అంటే పడిపోతే మళ్లీ ప్రయత్నించడం. ఆన్ చేయగానే 3 ప్రయత్నాలు, మధ్యలో 1000 మిల్లీసెకన్ల విరామం. ఎంత పెంచినా 5 ప్రయత్నాలు, 5000 మిల్లీసెకన్లు దాటనివ్వదు. అంటే విరామాలన్నీ కలిపినా 20 సెకన్లే. నెట్‌వర్క్ క్షణంపాటు తడబడినా, సర్వర్ 503 (ప్రస్తుతం అందుబాటులో లేను) ఇచ్చినా ఇది సరిపోతుంది. నిమిషానికి ఇన్ని కాల్స్ అని లెక్కపెట్టే ఏపీఐ (మన వర్క్‌ఫ్లో అవతలి యాప్‌తో మాట్లాడే దారి) 429, అంటే కాల్స్ పరిమితి దాటాయని, ఇస్తే మాత్రం ఐదుసార్లూ అదే జవాబు. అక్కడ నోడ్‌లో ఎర్రర్లు విడిగా బయటికొచ్చే ఎర్రర్ అవుట్‌పుట్ నుంచి వెయిట్ నోడ్‌కు తీసుకెళ్లి, 70 సెకన్లు ఆపి, మళ్లీ అదే నోడ్‌కు కలపాలి. మధ్యలో ఎన్నోసారో లెక్కచూసే ఇఫ్ నోడ్ తప్పనిసరి, లేకపోతే ఆ చక్రం ఆగదు. 401కి, అంటే గుర్తింపు చెల్లలేదన్న జవాబుకి, రిట్రై దండగ. కీ తప్పయితే ఐదోసారి కూడా తప్పే.

అవతలికి డేటా పంపి కొత్తది సృష్టించే పోస్ట్ రిక్వెస్టుల దగ్గర రిట్రై ప్రమాదకరం కూడా. టైమ్‌అవుట్ అంటే జవాబు రాలేదని మాత్రమే. అవతల పని జరిగిపోయి ఉండొచ్చు. అప్పుడు ఒకే ఆర్డర్ రెండుసార్లు పడుతుంది. ఆర్డర్ నంబర్నే ఐడెంపొటెన్సీ కీగా, అంటే రెండోసారి వచ్చినా ఇది పాతదేనని అవతల గుర్తుపట్టే గుర్తుగా, పంపండి. ఏపీఐ దాన్ని తీసుకోకపోతే ముందు ఆ నంబర్‌తో వెతికి, లేదని తేలాకే సృష్టించండి.

నోడ్‌లో ఎర్రర్ వస్తే ఏం చేయాలో చెప్పే 'ఆన్ ఎర్రర్' సెట్టింగ్‌లో నాకు అస్సలు నచ్చనిది 'కంటిన్యూ'. 500 వరుసల్లో 7 పోయినా ఎగ్జిక్యూషన్ (వర్క్‌ఫ్లో ఒకసారి నడవడం) ఆకుపచ్చ టిక్కుతో సక్సెస్ అనే చూపిస్తుంది, ఏదైనా పడిపోతే అలర్ట్ పంపాల్సిన ఎర్రర్ వర్క్‌ఫ్లో ఉలకదు పలకదు. దాని కిందే ఉన్న, ఎర్రర్ అవుట్‌పుట్‌తో కంటిన్యూ అయ్యేది వాడండి. పోయిన ఐటెమ్‌లు వేరే తీగ మీద బయటికొస్తాయి. వాటి ఐడీ, ఎర్రర్ మెసేజ్, సమయం ఒక టేబుల్‌లో రాయించి, చివర్లో లెక్క సున్నా కాకపోతే ఎగ్జిక్యూషన్‌ను కావాలనే ఫెయిల్ చేసే 'స్టాప్ అండ్ ఎర్రర్' నోడ్ పెట్టండి. 200 (అంతా బాగుంది) ఇస్తూనే లోపల ఖాళీ జాబితా పంపే ఏపీఐలను పట్టుకోవడానికీ ఇదే నోడ్.

ఇక ఆ ఎర్రర్ వర్క్‌ఫ్లో: వేరే వర్క్‌ఫ్లో పడిపోగానే మొదలయ్యే ఎర్రర్ ట్రిగ్గర్‌తో ఒక వర్క్‌ఫ్లో చేసి, మిగతా ప్రతిదాని సెట్టింగ్స్‌లోనూ దాన్ని ఎంచుకోవాలి. కొత్తది కట్టినప్పుడల్లా మర్చిపోయేది ఇక్కడే. పడిపోయే వర్క్‌ఫ్లోను చేత్తో రన్ చేస్తే ఇది పనిచేయదు, కాబట్టి టెస్టుకు, నిర్ణీత సమయానికి దానంతటదే నడిపించే షెడ్యూల్ ట్రిగ్గర్‌లాంటిది కావాలి. అలర్ట్‌లో వర్క్‌ఫ్లో పేరు, చివర నడిచిన నోడ్, మెసేజ్, ఎగ్జిక్యూషన్ లింక్ ఉండాలి. సొంత సర్వర్లో పాత ఎగ్జిక్యూషన్లు డిఫాల్టుగా 336 గంటలకు చెరిగిపోతాయి. లింక్ ఒక్కటే పంపితే రెండు వారాల తర్వాత తెరిచేవాళ్లకు ఏమీ కనబడదు.