ఊరి నడుమ రోడ్డు: వెడల్పు చేయాలా, బైపాస్ వేయాలా, వేగం తగ్గించాలా?

కోతల కాలంలో మా నల్లగొండ జిల్లాలో మండల రోడ్లు సగం కల్లాలే. వడ్ల కుప్ప, పైన నల్ల కవర్, అది ఎగరకుండా చుట్టూ రాళ్లు. రాత్రి బండి మీద వచ్చేవాళ్లకు ఆ రాళ్లు కనబడవు. రైతును తిట్టడం తేలిక. రోడ్డు గీసిన ఇంజనీరు ఆ కుప్పను లెక్కలోకి తీసుకున్నాడా అని ఎవరూ అడగరు.

ఊరి మధ్య రోడ్డు ఇరుకైతే అందరికీ ముందు తోచేది వెడల్పు చేయడమే. నా లెక్కలో అది అన్నిటికన్నా నాసిరకం. అరుగులు పోతాయి, వేపచెట్లు పోతాయి, డివైడర్ వస్తుంది. రోడ్డు విశాలంగా కనబడితే బోర్డు మీద 40 అని రాసి ఉన్నా ఎవరూ ఆగరు. యూటర్న్ దూరమైతే బైకులన్నీ రాంగ్ రూట్‌లోనే. చౌటుప్పల్‌లో 65వ జాతీయ రహదారిని రోజూ దాటేవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

లారీలు ఊళ్లో ఆగకుండా పోయే చోట బైపాస్ మేలు. అయితే అది పొలాల్ని రెండుగా కోస్తుంది. వరికోత మిషన్ దూరేంత ఎత్తులో అండర్‌పాస్ పెట్టకపోతే అవతలి మడికి చుట్టూ తిరిగి పోవాలి. కొన్నేళ్లకు హోటళ్లు, పంక్చర్ షాపులు అక్కడికే చేరతాయి, మళ్లీ కథ మొదటికొస్తుంది.

రెండు లైన్లే ఉంచి వేగం తగ్గించడం నాకు నచ్చిన దారి. ఊరి మొదట్లోనే రోడ్డు కాస్త సన్నబడాలి, బడి దగ్గర ఎత్తు చేసిన జీబ్రా క్రాసింగ్ ఉండాలి. నడకదారి కనీసం 1.8 మీటర్లు ఉండాలని మన దేశంలో రోడ్ల కొలతలు చెప్పే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెసే చెబుతోంది. స్పీడ్ బ్రేకర్‌కూ దాని కొలతలున్నాయి: 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. మనోళ్లు రాత్రికి రాత్రి పోసే దిమ్మలు నడుములు విరగ్గొట్టడానికే. మనుషులూ బండ్లూ కలిసి తిరిగే చోట 30 కిలోమీటర్ల వేగం దాటొద్దని రోడ్డు భద్రత మీద ప్రపంచ దేశాల సదస్సు ఇచ్చిన 2020 స్టాక్‌హోం ప్రకటన కూడా అన్నది.

చెట్లను ముందే లెక్కలో పెట్టుకోవాలి. చేవెళ్ల దారిలో దాదాపు 900 మర్రిచెట్ల గొడవ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయింది, రోడ్డు పని ఏళ్ల తరబడి ఆగింది.

ఏది మేలో తేల్చాలంటే ఊరికి రెండు చివర్లా మనుషుల్ని కూర్చోబెట్టి బండ్ల నంబర్లు రాయించాలి, ఒకసారి సంత రోజు, ఒకసారి మామూలు రోజు. ఒకే నంబరు కాసేపట్లోనే రెండు చివర్లా కనబడితే ఆ బండి ఊరు దాటిపోయేదన్నట్టు. ఎక్కువ బండ్లు ఊళ్లోనే ఆగేవైతే బైపాస్ డబ్బు దండగ. ఆ డబ్బులో కొంచెం పెట్టినా వడ్లు రోడ్డెక్కకుండా సిమెంటు కల్లం కట్టొచ్చు. మా ఊళ్లో గుడి వెనక ఎకరం సర్కారు జాగా ఖాళీగానే ఉంది.