ఇంత దూరం వెళ్ళింది కొబ్బరిచెట్టు చూడ్డానికా

శ్రీలంక వెళ్తే మా కోనసీమ వాళ్ళకి ఒక ఇబ్బంది ఉందండి, ఏం చూసినా మన ఊరే గుర్తొస్తుంది. కొబ్బరి, అరటి, పనస, వరిచేలు, గట్ల మీద కొంగలు. కొలంబో ఎయిర్‌పోర్ట్ నుంచి వ్యాన్‌లో వస్తుంటే మా రాజోలు కుర్రాడొకడు కిటికీలోంచి చూసి చూసి "మేష్టారండీ, తిప్పి తిప్పి మళ్ళీ మనూరే తెచ్చేశారేంటండి" అన్నాడు. వ్యాన్ మొత్తం నవ్వు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది, ఎందుకంటే ఈ ట్రిప్‌కి తల్లిదండ్రుల్ని ఒప్పించింది నేనే.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను, స్కౌట్ మాస్టర్ని కూడా. 14 మంది పిల్లలు, ఇద్దరు మాష్టార్లం, ఆరు రోజులు. రాజమండ్రిలో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై, అక్కణ్ణుంచి విమానం. మొత్తం రాస్తే రామాయణం అవుద్ది కాబట్టి కాండీలో గడిపిన శనివారం ఒక్కటీ రాస్తాను, డబ్బు ఎక్కడ గిట్టింది ఎక్కడ దండగైంది అన్నది ఆ ఒక్క రోజులోనే తేలిపోయింది.

కాండీకి రైల్లో వెళ్ళండి, వ్యాన్ వద్దు. కొండలెక్కుతూ వెళ్తుంటే పిల్లలు సీట్లో కూర్చోలేదు. ఆ ఊరికి రైలు 1867లోనే వచ్చిందని చెప్తే మా పెట్రోల్ లీడర్ (బంకులో పనిచేసేవాడు కాదండోయ్, స్కౌట్లలో చిన్న దళం నాయకుణ్ణి అలా అంటారు) "మరి అమలాపురానికండి?" అన్నాడు. అమలాపురం మీదుగా వెయ్యాల్సిన కోటిపల్లి - నర్సాపురం లైను ఏళ్ళ తరబడి నానుతున్న సంగతి విదేశంలో ఎందుకులే అని ఊరుకున్నాను.

బస కొండ మీద ఒక గెస్ట్‌హౌస్. ఆటో పైదాకా రాదు, బ్యాగులు మోసుకుంటూ మెట్లెక్కాలి, ఇది బుకింగ్‌లో ఎక్కడా రాయలేదు. 24 గంటలూ వేడినీళ్ళు అని మాత్రం రాశారు, తీరా చూస్తే గీజరు ఒక్కటే, అదీ నలుగురు పోసుకునేసరికి చల్లబడిపోయేది. కాండీ దాదాపు 500 మీటర్ల ఎత్తులో ఉంటుంది, మనలాంటి గోదావరి లంక ఊళ్ళవాళ్ళకి పొద్దున్నే ఆ చన్నీళ్ళంటే ప్రాణం పోతుంది. దుప్పట్లు శుభ్రం, ప్రతి మంచానికీ దోమతెర ఉంది, మాకు దోమతెర ఉంటే సగం మార్కులు వేసేస్తాం కదా. బాల్కనీలో ఆరేసినవి మాత్రం జాగ్రత్త, కోతి వచ్చి ఒకడి స్కార్ఫ్ ఎత్తుకుపోయి ఎదురింటి రేకుల మీద కూర్చుని మెళ్ళో వేసుకోడానికి చూసింది. వాడు ఏడవాలో నవ్వాలో తెలీక సెల్యూట్ కొట్టాడు.

శనివారం పొద్దున టిఫిన్‌కి ఇడియప్పాలు, పప్పు, ఎర్రగా కొబ్బరి పచ్చడి. దాన్ని పోల్ సంబోల్ అంటారు. కొబ్బరి పచ్చడి మాకు కొత్తా? అయినా పిల్లలు ఎగబడి తిన్నారు, ఆ పులుపూ కారమూ అలా ఉన్నాయి. మామిడికుదురు కుర్రాడు మూడోసారి వడ్డించుకుంటూ అందులో గట్టిగా తగిలింది ఏంటని అడిగాడు. వంటావిడ లోపలికెళ్ళి చెక్కముక్కలా ఉన్నదొకటి తెచ్చి చూపించింది. ఉంబలకడ, అంటే ఎండబెట్టిన చేప, దంచి వేస్తారు. శనివారం నీచు ముట్టని వాళ్ళు మాలో ఐదుగురు. ఒక్కసారి బల్ల దగ్గర నిశ్శబ్దం. "ఎండిపోయింది కదండీ, లెక్కలోకి రాదేమో" అన్నాడొకడు. ఇంకొకడు వెళ్ళి పుక్కిలించి వచ్చాడు. ఆవిడ మొహం చిన్నబోయింది పాపం. శాకాహారులెవరైనా వెళ్తే పచ్చడైనా సరే ముందు అడిగి తినండి.

తర్వాత బస్సులో పేరాదెనియ బొటానికల్ గార్డెన్. ఊరికి ఆరు కిలోమీటర్లు ఉంటుంది, బస్సు ఛార్జీ చాలా తక్కువ, మన రూపాయికి వాళ్ళవి మూడున్నర దాకా వచ్చాయి కాబట్టి పిల్లలందరూ జమీందార్లయిపోయారు. గేటు దగ్గర విదేశీయులకి టికెట్ వేరు, ఎక్కువ, తాజ్‌మహల్ దగ్గర మనం వాళ్ళకి వేసినట్టే. 1821లో పెట్టిన తోట, 147 ఎకరాలు, మహావేలి నది చుట్టూ వంపు తిరిగి పారుతూ ఉంటుంది. ఆ నది వాళ్ళ దేశంలో అన్నిటికన్నా పొడవైనదంటే మావాళ్ళు మర్యాదగా తలూపారు, పక్కకొచ్చి "మన గోదావరి పాయ వైనతేయంత కూడా లేదండి" అని గొణిగారు.

లోపల దారికి రెండు వైపులా వరసగా తాటిచెట్లు, జనం ఫొటోలు దిగుతున్నారు. అప్పుడే మొదలైంది గోల, ఇంత దూరం వచ్చింది తాటిచెట్లకీ కొబ్బరిచెట్లకీనా అని. సరే అని జంట కొబ్బరి దగ్గరికి తీసుకెళ్ళాను. సీషెల్స్ దీవుల చెట్టు, ప్రపంచంలో అతి పెద్ద గింజ దీనిదే, పాతిక కిలోల దాకా తూగుతుంది, కాయ పండడానికే ఆరేడేళ్ళు పడుతుంది. ఇదంతా నేను పాఠంలా చెప్తుంటే వెనక నిలబడ్డ అంబాజీపేట కుర్రాడు కాయ వైపు చూడనే లేదు, తలెత్తి ఆకు చూస్తున్నాడు. వాళ్ళ నాన్న కొబ్బరి దింపు తీస్తాడు, అంటే చెట్టెక్కి కాయలు కోస్తాడు, వీడూ సెలవుల్లో ఎక్కుతాడు. "ఇది కొబ్బరి కాదండి" అన్నాడు. బోర్డు చూపించాను. "బోర్డు ఏదైనా రాస్తారండి, కొబ్బరాకు ఈనెకి అటూ ఇటూ చీలి ఉంటుంది, ఇది విసనకర్రలా ఉంది, ఇది తాటండి." అక్కడితో ఆగాడా, దీంట్లో పోతుతాడి వేరే ఉంటుందా అని అడిగాడు. నాకేం తెలుసు, చూద్దాంలే అన్నాను. రాత్రి ఫోన్‌లో వెతికితే వాడు చెప్పిందే నిజం, ఈ చెట్టు తాటికి దగ్గరి చుట్టం, కొబ్బరికి దూరం, తాటిలాగే ఇందులోనూ మగచెట్టు వేరు ఆడచెట్టు వేరు. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్తున్నాను, ఆకు చూడాలని నాకు తట్టలేదు.

అరెకరం పైచిలుకు పరుచుకున్న జావా మర్రి, చెట్ల నిండా తలకిందులుగా వేలాడే పెద్ద పెద్ద గబ్బిలాలు, ఊగే వంతెన... నాలుగు గంటలు చాల్లేదు. మొత్తం ట్రిప్‌లో టికెట్‌కి పూర్తిగా గిట్టింది ఇదే.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలు మాట్లాడుకోవడం మా తప్పు. ఒకతను దారిలో ఫ్రీగా మసాలా తోట చూపిస్తానని తీసుకెళ్ళాడు, చూస్తే అది తోట కాదు కొట్టు, మిరియాలూ దాల్చినచెక్కా మన కిరాణా రేటుకి నాలుగింతలు, కొనకపోతే మొహాలు ముడుచుకున్నారు. గంట పోయింది. మీటర్ ఉన్న ఆటోనే ఎక్కండి, ఫ్రీ అన్న మాట వినబడితే దిగిపోండి.

మధ్యాహ్నం అన్నం, పోలోస్ అని లేత పనసకాయ కూర, మన పనసపొట్టుకి అన్నలాంటిది. చాలా బాగుంది, అంతే.

మూడింటికి అక్కడి స్కౌట్ పిల్లలతో ఆట. వాళ్ళ దేశంలో స్కౌటింగ్ 1912లో మొదలైంది, మొదటి దళం కాండీకి పాతిక కిలోమీటర్ల దూరంలోని మాతలేలో పెట్టారు, ఆ గర్వం వాళ్ళలో కనబడుతుంది. స్కౌట్ల పద్ధతిలో ఎడమచేతి షేక్‌హ్యాండ్లు అయ్యాక ఎల్లె అనే ఆట నేర్పారు. కర్రతో బంతి కొట్టి స్థానాల చుట్టూ పరిగెత్తాలి, ఈలోగా వీపు మీద బంతి పడితే అవుట్. ఇది చెప్పగానే మావాళ్ళ కళ్ళు మెరిశాయి, ఏడు పెంకులాటలో వీపులు పగలగొట్టి పెరిగినవాళ్ళు కదా. భాష రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం, అయినా రెండు గంటలు ఒకటే కేకలు. ఓడిపోయాం, అయినా పైసా ఖర్చు లేకుండా రోజంతటిలో ఎక్కువ సరదా అక్కడే దొరికింది.

అక్కణ్ణుంచి డాన్స్ షో. డప్పుల వాళ్ళు అద్భుతం, మిగతాది ఒక మోస్తరు, చివర్లో నిప్పుల మీద నడుస్తారు. జాతరల్లో నిప్పులగుండం చూసిన మనకి ఆ టికెట్ దండగ, నలుగురు నిద్రపోయారు కూడా.

ఆరున్నర పూజకి దంత మందిరం. ఇక్కడ అసలు చిక్కు వచ్చింది, మోకాళ్ళు కనబడకూడదు, మావాళ్ళేమో స్కౌట్ నిక్కర్లలో. గేటు బయట లుంగీలు కొని కట్టించాం, కట్టుకోడం ఎవరికీ నేర్పక్కర్లేకపోయింది, పక్కనున్న తెల్లవాళ్ళకి కూడా మా కుర్రాళ్ళే కట్టిపెట్టారు. సార్క్ దేశాల వాళ్ళకి టికెట్ తగ్గుతుంది, పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోండి. బుద్ధుడి దంతం కనబడదు, అది దాచిన బంగారు కరండం, అంటే భరిణె మాత్రమే, అదీ తోపులాటలో రెండు క్షణాలు. ఆ డోళ్ళ చప్పుడు మాత్రం ఛాతీలో మోగుతుంది.

బయట చెరువుగట్టు మీద కాసేపు నడిచాం. ఆ చెరువు 1807లో శ్రీ విక్రమ రాజసింహ తవ్వించాడు, అంతకుముందు వరిచేలట. చేలని చెరువులు చెయ్యడం మా వైపు రొయ్యలొచ్చాక మొదలైంది, ఈయన రెండొందల ఏళ్ళ ముందే చేసేశాడు. కాండీకి ఆఖరి రాజు ఈయనే, మదురై వైపు నుంచి వెళ్ళిన తెలుగు మూలాలున్న నాయక్కర్ వంశం. 1815లో బ్రిటిష్ వాళ్ళు పట్టుకుని వేలూరు పంపేస్తే 1832లో అక్కడే పోయాడు. లుంగీలు భుజాన వేసుకుని వేరుశనక్కాయలు తింటున్న మా పిల్లలకి ఇది చెప్తే "అయితే మనోడేనాండి" అని చెరువుని మళ్ళీ ఓసారి చూశారు.

మర్నాడు పొద్దున టిఫిన్ బల్ల మీద మా ఐదుగురి కోసం వేరే గిన్నెలో చేప వెయ్యని సంబోల్, మూత పెట్టి మరీ ఉంచింది వంటావిడ. శుక్రవారం నుంచీ నవ్వని మనిషి నవ్వుతూ నిలబడింది. కానీ అది ఆదివారం, మావాళ్ళు లేస్తూనే చేపది ఉందా అని అడిగి పెద్ద గిన్నె ఖాళీ చేసేశారు. మాకు శనివారం ఒక లెక్క ఆదివారం ఒక లెక్క అని ఆవిడకి ఏ భాషలో చెప్పాలో తెలీక, ఆ రెండో గిన్నె మొత్తం నేనే కూర్చుని తిన్నాను.