వేసవి మూడు నెలలు ఎక్కడ: స్వచ్ఛంద సంస్థలోనా, సమ్మర్ క్లాసులోనా, కంపెనీలోనా?

అమెరికాలో చరిత్ర, సాహిత్యం, సోషియాలజీ లాంటి సబ్జెక్టుల్లో పీహెచ్‌డీ చేసేవాళ్లకు మే నెల వస్తోందంటే టెన్షనే. చాలా యూనివర్సిటీల్లో స్టైపెండ్ 9 నెలలకే వస్తుంది. అద్దె మాత్రం 12 నెలలూ కట్టాలి. ఆ 3 నెలలు గడవాలంటే సమ్మర్ క్లాసు చెప్పాలి, లేదా కంపెనీలో ఇంటర్న్‌షిప్ పట్టాలి. ఈ రెండూ కాక ఇంకో దారి ఉంది: డబ్బు యూనివర్సిటీ ఇస్తుంది, పని మాత్రం బయట ఏదైనా స్వచ్ఛంద సంస్థలో.

2008 తర్వాత ప్రొఫెసర్ ఉద్యోగాలు తగ్గిపోవడంతో ఇలాంటివి పెరిగాయి. పీహెచ్‌డీ పూర్తయినవాళ్లను రెండేళ్లపాటు లాభాపేక్ష లేని సంస్థల్లో పెట్టే పబ్లిక్ ఫెలోస్ పథకాన్ని అమెరికాలోని పండిత సంఘాల సమాఖ్య ఏసీఎల్ఎస్ 2011లో మొదలుపెట్టింది. చదువు సాగుతుండగానే ఆ అనుభవం ఇద్దామని కొన్ని యూనివర్సిటీలు అలాంటి పథకాన్నే వేసవికి కుదించాయి. సంస్థలంటే రకరకాలు. దక్షిణాసియా వలసల చరిత్రను భద్రపరిచే ఫిలడెల్ఫియాలోని సాడా, గృహహింస బాధితులకు అండగా 1985 నుంచి న్యూజెర్సీలో ఉన్న మానవి లాంటివి మనవాళ్లకు దగ్గరగా అనిపిస్తాయి. అద్దెదారుల సంఘాలు, లైబ్రరీలు, ఫుడ్ బ్యాంకులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

డబ్బు విషయంలో కంపెనీతో పోటీయే లేదు. యూజర్ రీసెర్చ్ (వాడేవాళ్ల అవసరాలు, అలవాట్లు తెలుసుకోవడం) లాంటి పనికి సోషియాలజీ, ఆంత్రొపాలజీ వాళ్లనూ తీసుకునే టెక్ కంపెనీలు ఇచ్చేది ఎన్నో రెట్లు ఎక్కువ. ఇంటి దగ్గర అప్పుంటే ఇక ఆలోచించేదేముంది, అటే వెళ్లండి. కాకపోతే సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ.

సమ్మర్ క్లాసుకు ఉన్న గొప్ప సుఖం వీసా. క్యాంపస్‌లో పని కాబట్టి సెలవుల్లో ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) విద్యార్థికి వారానికి 20 గంటల పరిమితి ఉండదు, క్యాంపస్ బయట పనికి తీసుకోవాల్సిన సీపీటీ అనుమతి గొడవా లేదు. కానీ అప్పటికే నాలుగుసార్లు టీఏగా (టీచింగ్ అసిస్టెంట్‌గా) చెప్పిన కోర్సునే ఐదోసారి చెబితే రెజ్యూమెలో కొత్తగా ఒక్క వాక్యం కూడా చేరదు. కోర్సు మొత్తం మీ చేతికే ఇస్తే అది వేరే సంగతి. చిన్న కాలేజీల్లో ఉద్యోగానికి అది బాగా పనికొస్తుంది.

స్వచ్ఛంద సంస్థ దగ్గర మనవాళ్లు తప్పటడుగు వేసేది సీపీటీలోనే. డబ్బు యూనివర్సిటీదే కదా, అనుమతి ఎందుకు అనుకుంటారు. పనిచేసే చోటు క్యాంపస్ బయట అయితే మొదటి రోజుకు ముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో తేల్చుకోవాలి. సీపీటీ కోర్సులో భాగంగా ఉండాలి కాబట్టి వేసవిలో ఒక క్రెడిట్‌కు రిజిస్టర్ కమ్మంటారు చాలాచోట్ల. ఆ ఫీజు ఎవరు కడతారు? మీరే అయితే, వచ్చే డబ్బులో కొంత అక్కడే కరిగిపోతుంది. ఫెలోషిప్ రూపంలో ఇస్తే 14 శాతం పన్ను ముందే కోత పడొచ్చు. చదువు అయ్యాక అమెరికాలో పనిచేసుకోనిచ్చే ఓపీటీ పోతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. పూర్తికాలపు సీపీటీ 12 నెలలు నిండితేనే ఆ చిక్కు, వేసవిలో చేసే 10 వారాలకు కాదు.

ఇన్ని చిక్కులున్నా నా ఓటు స్వచ్ఛంద సంస్థకే, అదీ సరైన వేసవిలో చేస్తేనే. క్వాలిఫయింగ్ పరీక్షలు అయిపోయి, డిసర్టేషన్ (పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం) ప్రతిపాదన ఇంకా గట్టిపడని వేసవి అన్నిటికన్నా మంచిది. నేను వెళ్లింది అప్పుడే. వలస మహిళలకు సాయం చేసే ఒక చిన్న ఆఫీసు. 40 పేజీల నివేదిక రాయాలన్నది ఒప్పందం. నాకు నిజంగా చెమటలు పట్టించింది మాత్రం 2 పేజీల తెలుగు కరపత్రం. కోర్టు ఇచ్చే రక్షణ ఆదేశం గురించి రాయాలి. ‘రక్షణ ఉత్తర్వు’ అని రాస్తే చదివినవాళ్లకు అది పోలీసులు ఇచ్చేదో, అద్దె ఇంటి నోటీసో అర్థం కాలేదు. చివరికి ఒకావిడ, ‘అతను నా దగ్గరికి రాకూడదని జడ్జి ఇచ్చే కాగితం అని రాయమ్మా’ అన్నారు. అదే రాశాం. మూడు వారాలు పట్టింది. నా డిసర్టేషన్‌లో రెండో అధ్యాయం ఆ మాట దగ్గరే పుట్టింది. ఆ 40 పేజీల నివేదిక ఏ సొరుగులో ఉందో మరి.

అదే పని ఆఖరి సంవత్సరంలో చేసి ఉంటే తిట్టుకునేదాన్ని. అధ్యాయాలు మిగిలున్నప్పుడు 10 వారాలు పోతే తిరిగి రావు. అప్పుడు సమ్మర్ క్లాసే నయం, లేదంటే రాసుకోవడానికి ఫెలోషిప్ ఏదైనా దొరుకుతుందేమో వెతుక్కోండి.

ఒప్పుకునే ముందు సంస్థవాళ్లను రెండే అడగండి: వారం వారం నా పని చూసేదెవరు, ఆగస్టుకల్లా నా పేరుతో బయటికి వచ్చేదేమిటి? రెండోదానికి ‘వచ్చాక చూద్దాం’ అంటే అక్కడ ఫోన్లు ఎత్తడం, కవర్లు అంటించడమే మిగులుతుంది. నా తర్వాత అదే ఆఫీసుకు వెళ్లిన జూనియర్‌కు ఆ వేసవంతా కవర్లే.