పులికాట్‌లో పోయిన బోటు, వచ్చిన పడవ

పులికాట్ నుంచి తిరిగొచ్చి నాలుగు రోజులైంది, కోపం మాత్రం తగ్గలేదు. సరస్సు మీద కాదు. ఆ నీళ్ళ మీద మమ్మల్ని ఎక్కించుకుని బోటు నడిపిన తీరు మీద.

సంక్రాంతి సెలవులు ఇంకా రెండు రోజులు ఉన్నాయనగా తిరుపతి నుంచి బయల్దేరాం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ పాప, మా అత్తమ్మ, చెన్నైలో ఉద్యోగం చేసే బావమరిది. కారు రెండు రోజులకు 7,000, డ్రైవరు బత్తా 600. మొదటి రోజు అంతా సాఫీగా సాగింది. దొరవారిసత్రం దగ్గర నేలపట్టులో కడప చెట్ల మీద గూళ్ళు కట్టుకున్న గూడబాతుల్ని చూశాం. సాయంత్రం సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు మీద కారు ఆపి, రెండు వైపులా నీళ్ళలో పొద్దు కుంకడం చూశాం. రూము 1,600. వేడినీళ్ళు వచ్చాయి, దోమలూ వచ్చాయి. రాత్రి ఒక చిన్న మెస్సులో తిన్న రొయ్యల వేపుడు, పీతల పులుసు రుచి ఇంకా నోట్లోనే ఉంది. ఐదుగురం కడుపు నిండా తింటే 940 అయింది.

రెండో రోజు ఇరకం దీవికి వెళ్ళాలనుకున్నాం. రేవు దగ్గర టీ కొట్టులో ఒకాయన తనంతట తనే వచ్చి పలకరించాడు. పెద్దవాళ్ళకు 400, పాపకు 200, దీవిలో ఒక గంట ఆగి మళ్ళీ తెచ్చి దించుతామన్నాడు. మొత్తం 1,800 ముందే తీసుకున్నాడు. రసీదు అడిగితే "మనం మనం కదా సార్" అన్నాడు. అక్కడే నేను ఆగి ఉండాల్సింది.

బోటులో మాతోపాటు ఇంకో ముగ్గురు కుర్రాళ్ళు. మొత్తం ఎనిమిది మందిమి, లైఫ్ జాకెట్లు నాలుగు. పిల్లల సైజు ఒక్కటీ లేదు. పాపకు పెద్దవాళ్ళ జాకెట్ తొడిగితే మెడ పట్టీ చెవుల దాకా వచ్చింది. నడుం దగ్గర క్లిప్పు విరిగిపోతే దాని బదులు వల దారం ముడేసి ఉంది. ఆ ముడి విప్పి మళ్ళీ బిగించేసరికి మా ఆవిడ చేతులు వణికాయి. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినప్పుడు మా అత్తమ్మ రోజుల తరబడి టీవీ ముందు నుంచి లేవలేదు. నీళ్ళంటే అప్పటి నుంచీ ఆమెకు భయం. అయినా మనవరాలి కోసం ఎక్కింది.

నడిపే అబ్బాయికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఒక చెయ్యి ఇంజిను మీద, రెండో చేతిలో ఫోను. పడవలు పోయే దారికి రెండు వైపులా కర్రలు పాతి ఉన్నాయి, వాటి వెనకే వలలు. రేవు దాటీ దాటగానే ఒక్కసారిగా స్పీడు పెంచాడు. బోటు ముక్కు పైకి లేచింది, నీళ్ళు మొహాన కొట్టాయి. మా బావమరిది "ఇంకా లాగు బ్రో" అని వీడియో తీయడం మొదలుపెట్టాడు. ముందు పోతున్న ఒక పడవకీ కర్రలకీ మధ్య సందులోంచి మా బోటు దూసుకుపోయింది. చెయ్యి చాపితే ఆ పడవ అందేంత దగ్గరగా. అత్తమ్మ కళ్ళు మూసుకుని గోవిందా గోవిందా అంటోంది. "నిదానంగా పోనీ నాయనా" అని నేను రెండుసార్లు చెప్పాను. ఇంజిను మోతలో వినబడలేదో, వినదలచుకోలేదో.

ఆ తర్వాత జరిగింది నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. ఒక చిన్న నాటు పడవలో భార్యాభర్తలు వల తీస్తున్నారు. ఆయన గడకర్ర ఆనించి నిలబడ్డాడు, ఆమె వంగి వల లాగుతోంది. మమ్మల్ని చూసి ఆయన ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. మా బోటు నడిపేవాడు వేగం తగ్గించలేదు, పక్కకూ తిప్పలేదు. మా బోటు లేపిన అలకు ఆ పడవ ఒక పక్కకు ఒరిగింది. ఆయన గడ వదిలేసి కూలబడ్డాడు. ఆమె పక్కనున్న తట్ట బోర్లాపడి పొద్దుటి నుంచి పట్టిన పీతలు సగం నీళ్ళలోకి పోయాయి. మా ఇంజిను ఫ్యానుకు ఏదో తగిలి టక్కుమంది. వల తాడు. ఆమె అరవలేదు, తిట్టలేదు. తట్టను రెండు చేతులతో పట్టుకుని మావైపు చూసిందంతే. టికెట్ కొన్నది మేము కాబట్టి ఆ చూపు మాకే తగిలింది.

ఆపమని గట్టిగా అరిచాను. "వాళ్ళకి అలవాటే సార్" అన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది.

కొంచెం దూరంలో రాజహంసల (ఫ్లెమింగోల) గుంపు, రెండు మూడు వందలుంటాయి. తల కిందులుగా పెట్టి బురద నీళ్ళు వడగట్టుకుని మేత తింటున్నాయి. ఫోటో బాగా వస్తుందని బోటును సరిగ్గా వాటి మీదికి తిప్పాడు. ఆ పక్షి ఉన్నచోటి నుంచి ఎగరలేదు, నీళ్ళ మీద పరుగెత్తితే గానీ రెక్కలకు గాలి అందదు. అంత మేతా వదిలేసి ప్రాణభయంతో పరుగెత్తాయి. కుర్రాళ్ళు ఈలలు వేశారు. పాప మాత్రం "నాన్నా, వాటిని ఎందుకు తరమడం?" అని అడిగింది. బావమరిది ఫోను జేబులో పెట్టేశాడు.

దీవిలో దిగాక అత్తమ్మ ఇక ఆ బోటు ఎక్కనంది. మా ఆవిడా అదే మాట. తిరుగు ప్రయాణానికి సగం డబ్బులైనా ఇమ్మంటే "రానంది మీరే కదా" అన్నాడు ఆ అబ్బాయి. వేప చెట్టు కింద కూర్చున్నప్పుడు బావమరిది నెమ్మదిగా ఒక సంగతి చెప్పాడు. 2011 క్రిస్మస్ రోజున ఇదే సరస్సులో, తమిళనాడు వైపు పళవేర్కాడు దగ్గర, పడవ బోల్తాపడి 22 మంది చనిపోయారట. "నేనే లాగమన్నాను అక్కా" అన్నాడు మా ఆవిడతో.

ఊళ్ళో ఒకామె "మా పడవ పోతాది, ఎక్కండి" అంది. మనిషికి 20 రూపాయలు. అందులో ఖాళీ గ్యాస్ సిలిండరు, ఒక సైకిలు, రెండు మూటలు, పన్నెండు మంది మనుషులు. నడిపే పెద్దాయన ముందు బరువు సర్దాడు. లావుగా ఉన్న నన్ను మధ్యకు జరిపి, పాపను నా ఒళ్ళో కూర్చోబెట్టాడు. ఆఖర్న వచ్చిన ఇద్దర్ని, వాళ్ళు ఆ ఊరివాళ్ళే అయినా, తర్వాతి పడవకు రమ్మన్నాడు.

పొద్దున ఇరవై నిమిషాల్లో వచ్చిన దారికి ముప్పావు గంట పట్టింది. ఎదురుగా పడవ కనబడితే చాలు, ఇంజిను తగ్గించి చెయ్యెత్తేవాడు. వాళ్ళూ ఎత్తేవాళ్ళు. వల తాడు అడ్డం వచ్చిన ప్రతిచోటా ఇంజిను ఆపి, ఫ్యాను నీళ్ళ పైకి లేపి, పడవను దానంతట అదే జారనిచ్చాడు. వల వేసిన పడవకు ఇంజిను పడవ తప్పుకోవాలని, దాటిపోయేవాడే దూరంగా పోవాలని సముద్రంలో ఓడల కోసం 1972లో చాలా దేశాలు కలిసి రాసుకున్న నియమాల్లో ఉంది. ఆ పుస్తకం ఆయన చూసి ఉండడు. ఎందుకింత ఓపిక అని అడిగితే "తాడు తెగితే వాడికి నాలుగు దినాల పని పోతాది గదయ్యా" అన్నాడు.

పొద్దుటి చోటికి వచ్చేసరికి ఆ భార్యాభర్తలు అక్కడే ఉన్నారు. ఆయన నడుం లోతు నీళ్ళలో నిలబడి తెగిన తాడు ముడి వేస్తున్నాడు. బావమరిది ఏదో చెప్పాలని లేవబోతే పెద్దాయన కూర్చోమన్నాడు, పడవ ఊగుతుందని. నీళ్ళలో ఉన్నాయన మావైపు తల ఎత్తలేదు.

ఇరకం చూడాలంటే ఊరివాళ్ళ పడవలోనే వెళ్ళండి. టైము ఎక్కువ పట్టినా నష్టం లేదు. ఇంకేదైనా బోటు ఎక్కాల్సి వస్తే డబ్బులిచ్చే ముందే జాకెట్లు లెక్కపెట్టండి, క్లిప్పులు బిగించి చూడండి, రసీదు లేకపోతే వెనక్కి వచ్చేయండి. పిల్లల జాకెట్ లేకపోతే పిల్లల్ని ఎక్కించొద్దు. వలలు, పక్షుల దగ్గర నిదానంగా పోవాలని ఒడ్డునే చెప్పండి. నీళ్ళ మధ్యకు పోయాక మన మాట వినేవాళ్ళుండరు.

మేం రేవులో దిగేసరికి పొద్దుటి బోటు మళ్ళీ నిండుతోంది. కాలేజీ పిల్లలు, తొమ్మిది మంది. బావమరిది వాళ్ళ దగ్గరికి పరుగెత్తి జరిగిందంతా చెప్పాడు. ఒకమ్మాయి దిగిపోయింది. మిగతా ఎనిమిది మంది వెళ్ళారు. జాకెట్లు ఆ నాలుగే.