చెరువు గట్టు నుంచి కోర్సు పేజీకి: ఒక విశ్వవిద్యాలయ మీడియా వేదికపై సమీక్ష

సముద్రతీరానికి చాలా దూరంలో ఉన్న ఒక విశ్వవిద్యాలయం రొయ్యల సాగుపై సర్టిఫికెట్ కోర్సు నడుపుతోంది. భీమవరం, అమలాపురం ప్రాంతాల నుంచి ఆ కోర్సుకు అతిథి అధ్యాపకులుగా పాఠాలు చెబుతున్నవారిలో నేనూ ఒకరిని. పాఠాల వీడియోలన్నీ విశ్వవిద్యాలయం సిబ్బందికి ఇచ్చిన మీడియా వేదికపైనే ఉండాలన్నది అక్కడి నిబంధన. యూట్యూబ్‌లో పెట్టి వాట్సాప్ గ్రూపులో లింకు పంపితే పోయేదానికి ఇంత తతంగం ఎందుకని అడిగే సహోద్యోగులు మా వైపు ఇంకా చాలామందే ఉన్నారు కాబట్టి, వారిని దృష్టిలో పెట్టుకుని ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వీడియో ఎక్కించే ఏర్పాటు పర్వాలేదు, రికార్డింగు సాధనం బాగుంది, కోర్సు పేజీలో వీడియోను ఎంబెడ్ చేసే, అంటే ఆ పేజీలోనే ఆడేలా పొదిగే సదుపాయం అన్నిటికంటే విలువైనది. అయితే ఆ విలువంతా అనుమతులకు సంబంధించిన ఒకే ఒక్క అమరికపై ఆధారపడి ఉంది, దాన్ని వేదిక అంతగా కంటపడని చోట దాచిపెట్టింది. తెలుగు క్యాప్షన్ల (మాటలను తెరపై అక్షరాల్లో చూపే వరుసల) విషయంలో మాత్రం నిరాశ తప్పదు.

ఈ తరహా వేదికలు కొత్తవేమీ కావు. కల్టూరా 2006లో మొదలైంది. పనోప్టో ఆ మరుసటి ఏడాది అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పుట్టింది. పేరు ఏదైనా ఇవి చేసే పని ఇంచుమించు ఒకటే. అధ్యాపకుడు ఇచ్చిన వీడియోను తీసుకుని దాన్ని వేర్వేరు నాణ్యతల్లో మళ్లీ తయారుచేస్తాయి, ఎవరు చూడవచ్చో ఎవరు చూడకూడదో నిర్ణయించే వీలు కల్పిస్తాయి, మూడుల్ వంటి కోర్సు నిర్వహణ వ్యవస్థలో పాఠం పక్కనే ఆ వీడియోను కూర్చోబెడతాయి.

వేర్వేరు నాణ్యతల్లో తయారుచేయడం అన్న మొదటి పని నగరంలోని అధ్యాపకుడికి పెద్దగా పట్టకపోవచ్చు గానీ, డెల్టాలోని విద్యార్థికి అదే ప్రాణం. మా విద్యార్థుల్లో ఎక్కువమంది పగలు చెరువుల మీద సూపర్‌వైజర్లుగానో, రొయ్య పిల్లలను ఉత్పత్తి చేసే హేచరీల్లో సహాయకులుగానో పనిచేసేవారు. వారి చేతిలో ఉండేది ఫోను, ఆ ఫోనులో ఉండేది రోజుకు ఒకటిన్నర జీబీనో రెండు జీబీలో ఇచ్చే ప్లాను. ముప్పావు గంట పాఠాన్ని సెకనుకు 4 మెగాబిట్ల వేగంతో పూర్తి నాణ్యతలో చూస్తే సుమారు 1.35 జీబీ ఖర్చవుతుంది, అంటే ఆ రోజు డేటా దాదాపు అక్కడికే సరి. అదే పాఠాన్ని 360పీ నాణ్యతలో సెకనుకు 700 కిలోబిట్లతో చూస్తే 240 ఎంబీ లోపే సరిపోతుంది. వేదిక వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, సిగ్నల్ బలాన్ని బట్టి ఏ ముక్కను ఏ నాణ్యతలో పంపాలో ఎప్పటికప్పుడు మారుస్తూ ఉంటుంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం ఒడ్డుకు చేరేలోపు సిగ్నల్ తగ్గినా బొమ్మ మసకబారుతుందే తప్ప సాధారణంగా పాఠం ఆగదు. ఇదే వీడియోను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డౌన్‌లోడ్ చేసుకోమంటే, విద్యార్థి తన డేటా ఎంత మిగిలిందో చూసుకుని మరీ పాఠం మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఎక్కించడం గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఫైలును పేజీలోకి లాగి వదిలితే సరిపోతుంది. మధ్యలో నెట్ తెగితే ఆగిన చోటి నుంచే మళ్లీ అందుకుంటుంది, విద్యుత్తు కోతలున్న ఊళ్లలో ఇది చిన్న మేలు కాదు. అయితే ఫోనులో 1080పీ నాణ్యతతో తీసిన వీడియో పాత హెచ్.264 కుదింపు పద్ధతిలో నిమిషానికి సుమారు 130 ఎంబీ ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఇరవై నిమిషాల పాఠం అంటే 2.6 జీబీ. సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడ్ వేగం నిలకడగా ఉన్నా అది ఎక్కడానికి అరగంట దాటుతుంది. ప్లాను పత్రంలో పెద్ద అక్షరాలతో రాసే వేగం చాలావరకు డౌన్‌లోడ్‌ది, అప్‌లోడ్ వేగాన్ని విడిగా అడిగి తెలుసుకోవాలి. పాఠంలో కదిలే దృశ్యాలు తక్కువగా ఉంటే 720పీలో తీసుకోవడమే మేలు. ఎక్కిన తరువాత కూడా వేదిక తన పని తాను పూర్తిచేసేదాకా వీడియో వెంటనే కనిపించదు కాబట్టి, తరగతికి పది నిమిషాల ముందు ఎక్కించి విద్యార్థులను చూడమనడం కుదరదు.

రికార్డింగుకు వేదిక రెండు దారులు ఇచ్చింది. ఒకటి బ్రౌజర్‌లోనే బటన్ నొక్కి రికార్డు చేయడం. ఇది రెండు మూడు నిమిషాల ప్రకటనలకు చాలు, పొడవైన పాఠానికి నమ్మదగినది కాదు, ఎందుకంటే ట్యాబ్ మూసుకుపోతే పాఠం కూడా పోతుంది. రెండోది కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే రికార్డర్. ఇది తెరను, కెమెరాను, మైకును ఒకేసారి విడివిడి ధారలుగా తీసుకుని ముందు మన డిస్కులోనే భద్రపరుస్తుంది, నెట్ ఉన్నప్పుడు ఎక్కిస్తుంది. తెరనూ కెమెరానూ విడిగా ఉంచడం వల్ల, చూసేటప్పుడు ఏది పెద్దగా కనిపించాలో విద్యార్థే ఎంచుకోవచ్చు. లార్వా దశల పాఠంలో దీని ఉపయోగం స్పష్టంగా తెలిసింది. నాప్లియస్‌లో ఆరు, జోయియాలో మూడు, మైసిస్‌లో మూడు ఉపదశలను స్లయిడ్ల మీద వివరిస్తూ, రెండో ధారగా సూక్ష్మదర్శినికి అమర్చిన కెమెరాను పెట్టాము. నాప్లియస్ తన అవయవాలను కుదుపుతూ ఈదే తీరునూ, జోయియా వెనుక వేలాడే సన్నటి విసర్జన దారాన్నీ విద్యార్థి తెర నిండా చూసుకుని, అవసరమైనప్పుడు మళ్లీ స్లయిడ్‌కు రావచ్చు. నా ముఖం కనిపించే మూడో కిటికీ ఎవరికీ అవసరం లేదని నా అభిప్రాయం.

ఈ రికార్డర్ ఊహించుకున్న గది మాత్రం తలుపులు మూసిన, ఏసీ ఉన్న స్టూడియో. రొయ్యల సాగులో సగం పాఠం గట్టు మీద ఉంటుంది. మేత ఎంత తిన్నాయో చూసే వల పళ్లెం, అంటే చెక్‌ట్రే పైకి లాగినప్పుడు వల గుండా నీళ్లు కారిపోయి, అడుగున మిగిలిన మేత గుళికలు ఎన్నో, ఎగిరిపడే రొయ్యల వీపు పొడవునా పేగు నిండుగా నల్లగా ఉందో మధ్యలో తెగిందో చూపించడమే అక్కడి బోధన. దాన్ని ఫోనుతోనే తీయాలి. ఫోను యాప్ ద్వారా నేరుగా వేదికకు రికార్డు చేసే వీలు ఉన్నా, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నప్పుడు అధ్యాపకుడి గొంతు నీటి హోరులో కలిసిపోతుంది. యాప్‌లో శబ్దాన్ని తగ్గించే అమరిక ఏదీ లేదు, బయటి మైకును ఎంచుకునే వీలు కూడా నాకు కనిపించలేదు. కాబట్టి కాలర్ మైకు పెట్టుకుని ఫోను సాధారణ కెమెరాతో తీసి, తరువాత ఎక్కించడమే ఉత్తమం. వేదికలోని కత్తిరింపు సాధనం మొదలూ చివరా తీసేయడానికీ, మధ్యలో ఒక ముక్క కోసేయడానికీ సరిపోతుంది. అంతకు మించి దాని నుంచి ఆశించకూడదు.

ఇక ఎంబెడ్ సంగతి. వీడియోను కోర్సు పేజీలోనే, దానికి సంబంధించిన పాఠం, పట్టిక, ప్రశ్నల నడుమ ఉంచగలగడమే ఈ వేదికకూ యూట్యూబ్‌కూ అసలైన తేడా. పాఠం అయిపోగానే పక్కన మరో చానల్ వీడియో ఊరించదు, మధ్యలో మందుల కంపెనీ ప్రకటన రాదు. రొయ్యల సాగులో ఈ రెండో విషయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రొయ్యలకు వచ్చే వైట్ స్పాట్ వైరస్ వ్యాధికి మందు లేదని చెప్పే పాఠం పక్కనే, దానికి మందు ఉందని నమ్మబలికే ప్రకటన రావడం కంటే ఇబ్బంది ఏముంటుంది? ఇంతకంటే విలువైన మరో సదుపాయం ఉంది. ఎంబెడ్ చేసిన ప్లేయర్ ఒక ఫైలుకు కాక, వేదికలోని ఒక నమోదుకు ముడిపడి ఉంటుంది. అందువల్ల పాఠంలో మార్పు అవసరమైతే, అదే నమోదులో వీడియో ఫైలును మాత్రం మార్చితే, దాన్ని వాడిన ప్రతి కోర్సు పేజీలోనూ కొత్తదే కనిపిస్తుంది. ఆక్వా సాగులో వాడకూడని యాంటీబయోటిక్‌ల గురించిన పాఠం వంటివి నిబంధనలు మారిన వెంటనే మారాలి. యూట్యూబ్‌లో పాత వీడియో స్థానంలో కొత్త ఫైలు పెట్టే వీలు లేదు, కొత్త లింకు తయారుచేసి పాత లింకు ఉన్న చోటల్లా వెతికి మార్చుకోవాలి. వాట్సాప్‌లో తిరిగే పాత లింకును ఎవరు వెనక్కి తెస్తారు?

ఇక్కడే చిక్కు కూడా ఉంది. ఎక్కించిన ప్రతి వీడియోకూ వేదిక మొదట పెట్టేది ప్రైవేట్ అన్న అమరిక, అంటే యజమానికి తప్ప మరెవరికీ కనిపించదు. అధ్యాపకుడు తన ఖాతాతో లాగిన్ అయి ఉంటాడు కాబట్టి కోర్సు పేజీలో వీడియో చక్కగా ఆడుతుంది, విద్యార్థికి మాత్రం తాళం గుర్తూ, ఒక ఇంగ్లీషు వాక్యమూ కనిపిస్తాయి. రాజోలు నుంచి ఒక విద్యార్థి ఆ తెర ఫొటో తీసి పంపేదాకా, మా సమన్వయకర్తతో సహా ఎవరికీ లోపం ఉన్నట్టే తెలియలేదు. దీన్ని అన్‌లిస్టెడ్‌కు (లింకు ఉన్నవారికి కనిపించేలా) మార్చాలి, లేదా కోర్సు గ్యాలరీలో పబ్లిష్ చేయాలి. మార్చిన తరువాత మన లాగిన్ గుర్తుండని ఇన్‌కాగ్నిటో బ్రౌజర్ కిటికీలో, విద్యార్థి తరహా ఖాతాతో ఒకసారి చూసుకోవాలి. ఎంబెడ్ కోడ్ ఇచ్చే పేజీలోనే ‘ఈ వీడియో ఇంకా ప్రైవేట్‌గా ఉంది’ అని ఒక హెచ్చరిక పెట్టి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు.

కోడ్‌ను కాపీ చేసి అతికించడం కంటే, కోర్సు పేజీ ఎడిటర్‌లోనే ఉండే వేదిక బటన్ ద్వారా వీడియోను ఎంచుకోవడం మంచిదని కూడా చెప్పాలి. అతికించిన కోడ్‌తో వచ్చే ప్లేయర్, కోర్సు సైటుకు సంబంధం లేని మరో సైటుగా బ్రౌజర్‌కు కనిపిస్తుంది. ఇలాంటి బయటి సైట్ల కుకీలను (లాగిన్ వంటివి గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లను) అడ్డుకునే బ్రౌజర్లలో విద్యార్థి కోర్సులో లాగిన్ అయి ఉన్నా ప్లేయర్ మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఐఫోనులో వాడే సఫారీ 2020 నుంచి వీటిని పూర్తిగా అడ్డుకుంటోంది. బటన్ ద్వారా చేర్చినప్పుడు ఫలానా విద్యార్థి మావాడేనని కోర్సు వ్యవస్థే వేదికకు హామీ ఇస్తుంది. ఏ కారణం చేతనైనా కోడ్‌నే వాడాల్సి వస్తే, కొలతల జాబితాలో రెస్పాన్సివ్ (తెర పరిమాణానికి తగ్గట్టు మారేది) అన్నదాన్ని ఎంచుకోవాలి. లేకపోతే కంప్యూటర్‌లో ముచ్చటగా కనిపించే ప్లేయర్ ఫోను తెర దాటి కుడివైపు సగం బయటికి పోతుంది, పాజ్ బటన్ కోసం విద్యార్థి పేజీని పక్కకు జరుపుకోవాల్సి వస్తుంది.

వీడియో మధ్యలో ప్రశ్నలు పెట్టే సాధనం నాకు బాగా నచ్చింది. పేగు తెగినట్టు కనిపించే రొయ్య దగ్గర వీడియో ఆగి, తరువాతి పూట మేత పెంచుతారా తగ్గిస్తారా అని అడుగుతుంది, జవాబు ఇవ్వకుండా ముందుకు జరపడానికి వీల్లేకుండా అమర్చవచ్చు. మార్కులు కోర్సు పట్టికలోకి వాటంతట అవే చేరతాయి. ఎవరు ఎంతసేపు చూశారన్న గణాంకాలు కూడా ఉన్నాయి గానీ, ఒకే ఫోనులో నలుగురు కలిసి చూసే చోట వాటిని హాజరుగా లెక్కగట్టడం అన్యాయం.

క్యాప్షన్ల విషయానికి వస్తే, ఇంగ్లీషు ప్రసంగానికి వేదిక తయారుచేసేవి కాస్త సరిదిద్దితే పనికొస్తాయి. తెలుగులో, అందునా సాలినిటీ (నీటి ఉప్పదనం), పీఎల్ (పోస్ట్ లార్వా, అంటే రొయ్య పిల్ల), చెక్‌ట్రే వంటి మాటలు వాక్యంలో కలిసిపోయే మా బోధనలో, అది రాసేది చదివితే పాఠం వినని వారికి అర్థం కాదు, విన్నవారికి నవ్వు వస్తుంది. వినికిడి లోపం ఉన్నవారి కోసమే కాదు, ఏరియేటర్ల పక్కన కూర్చుని చూసేవారి కోసం కూడా క్యాప్షన్లు కావాలి. దృశ్య, శ్రవణ సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా చెబుతోంది. ప్రస్తుతానికి దారి ఒక్కటే. మన స్క్రిప్టునే వాక్యాలవారీగా విడగొట్టి, కాలాలు వేసి, ఎస్ఆర్‌టీ అనే క్యాప్షన్ ఫైలుగా ఎక్కించడం. ఆ ఫైలును యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో భద్రపరచకపోతే తెలుగు అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు వస్తాయి. శ్రమ ఎక్కువే అయినా దాని ఫలితం మరోచోట కూడా దక్కుతుంది. క్యాప్షన్లు ఉన్న వీడియోలో ‘తెల్ల విసర్జన’ అన్న రొయ్యల వ్యాధి పేరును వెతికితే ఆ మాట వచ్చిన క్షణానికే ప్లేయర్ తీసుకెళుతుంది.

అతిథి అధ్యాపకులు తప్పక గమనించాల్సినది ఇంకొకటి ఉంది. వీడియోకు యజమాని దాన్ని ఎక్కించిన వ్యక్తే. మన ఒప్పందం ముగిసి ఖాతా మూతపడితే, ఆ వీడియోలను సరిదిద్దే అధికారం కోర్సు సిబ్బందిలో ఎవరి చేతుల్లోనూ ఉండకపోవచ్చు. ప్రతి వీడియోకూ కోర్సు సమన్వయకర్తను సహ ఎడిటర్‌గా చేర్చే వీలు వేదికలో ఉంది, ఎక్కించిన రోజే ఆ పని చేయాలి. మూల ఫైలును మన దగ్గర కూడా ఒక డిస్కులో ఉంచుకోవాలి. పాఠాలను ఆ తరువాత ఎవరు, ఎన్నాళ్లు వాడుకోవచ్చన్న విషయం నాకు ఇచ్చిన ఒప్పంద పత్రంలో లేదు కాబట్టి, కొత్తగా చేరేవారు సంతకం పెట్టే ముందే దాన్ని రాతపూర్వకంగా తేల్చుకోవడం మంచిది.